మలుపు దగ్గర ఫోటో

పాస్‌పోర్టు ఫోటోలకు జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడంలోనే ఆయన జుట్టు నెరిసిపోయింది. అలాంటి స్టూడియో మనిషిని పట్టుకుని, అక్క మొగుడు తన బొమ్మ రైళ్ళకు ఫోటో తియ్యమన్నాడు.

బావ రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగా ఒక మలుపులో, సైకిలు నడిపించుకుంటూ గేటు దాటుతున్న మనిషి ఆయన ఇంజను కింద పడి చనిపోయాడు. పట్టాల పక్కనున్న పనివాళ్ళ షెడ్డు అడ్డమొచ్చి గేటు కనపడలేదని బావ చెప్పాడు. విచారణవాళ్ళు సరేనన్నారు. కానీ రిటైరయ్యాక ఆయన మేడగది నిండా బల్లలు వేయించి, ఆ మలుపును, షెడ్డును, గేటును కొలత తప్పకుండా బుల్లివి చేసి నిలబెట్టాడు. చూసినవాళ్ళు ముచ్చటపడేవాళ్ళు. అది ఏ చోటో అక్కకూ తమ్ముడికీ తెలుసు. ఇద్దరూ ఆ ఊసెత్తేవాళ్ళు కాదు.

ఇప్పుడు బావ ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగు మాటలకే ఆయాసం. మలుపేమో బల్లకు ఆ చివర, గోడ మూలన ఉంది. అక్కడ తల దూర్చడం ఎవరి వల్లా కాదు.

“ఇంజన్లో కూర్చున్నవాడి కంటికి గేటు కనపడుతుందో లేదో తీసి చూపించరా,” అన్నాడు బావ. “నాకు తెలియాలి.”

స్టూడియోలోని కెమెరా స్టాండు మనుషుల ఎత్తుకు కొన్నది. దాని కాళ్ళు ఎంత ముడిచినా బల్ల అంచు దగ్గరే ఆగిపోయింది. చేత్తో పట్టుకుని తీద్దామా అంటే, గదికి ఒక్కటే కిటికీ. దగ్గరి పట్టా, దూరపు గేటు రెండూ స్పష్టంగా రావాలంటే ఆ వెలుతురులో షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి. చెయ్యి ఇసుమంత వణికినా అంతా అలుక్కుపోతుంది. వేరే స్టాండు చూస్తానని చెప్పి లేచాడు.

మెట్ల కింద అక్క చెయ్యి పట్టుకుంది. ఫోటోలో ఏం పడినా సరే, షెడ్డే అడ్డముందని చెప్పమంది. ఆయన తలూపాడు.

కెమెరాలమ్మే కొట్టాయన మొదట తేలికైన స్టాండు చూపించాడు. వేలు తగిలితే చాలు, పుల్లల్లాంటి కాళ్ళు ఊగాయి. తర్వాత అరచేతిలో ఇమిడేది తీశాడు. దాన్ని పట్టాల మీదే నిలబెట్టాలి, బావ పేర్చిన చెట్లన్నీ నలిగిపోతాయి. మూడోది బరువైనది. నేల మీదే నిలుస్తుంది. నడిమి కడ్డీని పైకి లాగి అడ్డంగా చెయ్యి చాపినట్టు చాపొచ్చు, దాని చివర కెమెరాను తలకిందులుగా వేలాడదీయొచ్చు. బొమ్మ రైలు కోసమా ఇంత మోత అని కొట్టాయన నవ్వాడు. ఈయన నవ్వలేదు. మొదటిది పట్టుకెళ్ళి ఫోటో కుదరలేదంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ మూడోదాన్ని భుజానికెత్తుకున్నాడు.

కడ్డీని బల్ల మీదుగా చాపి, కెమెరాను బొమ్మ ఇంజన్లో డ్రైవరు కంటి ఎత్తుకు దింపి, బరువుకు ఒరిగిపోకుండా వెనకవైపు ఇసుక సంచి వేలాడదీశాడు. నేల అదురుతుందని అందరినీ కిందే ఉండమన్నాడు. మీట నొక్కి, ఊపిరి బిగబట్టాడు.

ఫోటోలో షెడ్డు ఓ పక్కన ఉంది. దాని అవతల గేటు పూర్తిగా కనపడుతోంది.

కడ్డీని వేలెడు గోడవైపు జరిపి ఇంకోటి తీశాడు. షెడ్డు గేటును మింగేసింది. అక్క చెప్పమన్న మాటకు ఆ ఫోటో సరిపోతుంది. నాకు తెలియాలి అన్న బావ ముఖం కళ్ళ ముందు మెదిలింది. ఆ రెండో ఫోటోను చెరిపేసి, కెమెరా పట్టుకుని కిందికి దిగాడు.

బావ ఫోటోను పెద్దది చేసుకుని చూశాడు. అక్క తమ్ముడి వంకే చూస్తోంది. తమ్ముడు నోరు విప్పలేదు.

“షెడ్డు పక్కకి జరిగి ఉంటుంది,” అంది అక్క.

“నేనే కొలిచి పెట్టాను,” అన్నాడు బావ. కెమెరా తిరిగిచ్చేసి, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత బావ మేడ మీది మాటే ఎత్తలేదు. తిండి తగ్గించాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. వానలు వెలియకముందే పోయాడు. ఊపిరితిత్తులే కారణమన్నాడు డాక్టరు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక అక్క అంది: “ఒక్క అబద్ధం ఆడలేకపోయావు.”

ఏడుస్తూ అనలేదు. బావ అడిగింది నిజాన్నేగా అనుకుంటాడు తమ్ముడు ఒకోసారి. అడిగినంత మాత్రాన ఇచ్చెయ్యాలా అని మరోసారి అనుకుంటాడు.

ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తాడు. అక్క తలుపు తీస్తుంది, మంచినీళ్ళిస్తుంది. కూర్చోమని మాత్రం అనదు.