కాకాకు నేను పెట్టిన హెడ్డింగ్

పత్రికలో మొదటి పేజీ చూసే డెస్కులో పనిచేసిన రోజుల్లో నన్ను అందరూ హెడ్డింగుల మొనగాడనేవారు. ఆ పొగడ్త నాకు బాగా తలకెక్కింది. మా యజమాని అధికార పార్టీకి దగ్గరివాడు. వార్త ఎలా తిప్పాలో మాకెవరూ చెప్పేవారు కాదు. జీతం తీసుకునే చోట అది చెప్పించుకోవలసినంత అమాయకులం కాము.

చాంద్రాయణగుట్టలో రోడ్డు వెడల్పు చేస్తామని దుకాణాలకు గుర్తులు పెట్టారు. ఆ వరసలో ఒకటి కాకాది. హుస్సేనీ ఆలంలో మా గల్లీ ఆయన, మా నాన్నకు దోస్తు. నాన్న పూజారిగా ఉన్న గుడికి కర్పూరం, వత్తులు ఆయన దుకాణం నుంచే వచ్చేవి. దుకాణాలవాళ్లంతా ఒక్కమాట మీదుండి కోర్టుకు పోదామనుకున్నారని ఆయనే నాతో చెప్పాడు.

కూల్చివేతల రోజు సాయంత్రం ఫోటోగ్రాఫర్ ఒక బొమ్మ తెచ్చాడు. కాకా సుత్తె పట్టుకుని తన దుకాణం ముందు గోడ తానే పగలగొడుతున్నాడు. కూల్చే మిషన్ దెబ్బకు వెనక గది కూడా కూలుతుందని భయపడి ముందు గోడ తానే కొట్టుకుంటున్నాడని ఫోటోగ్రాఫర్ నాకు స్పష్టంగానే చెప్పాడు. నేను విన్నాను. విని, 'దారి ఇచ్చిన పెద్ద మనసు' అని హెడ్డింగ్ పెట్టాను. అభివృద్ధి కోసం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వ్యాపారి అని కింద రాశాను. మా కాకా మొదటి పేజీకెక్కుతున్నాడని సంబరపడ్డాను కూడా. ఇన్‌చార్జి నా భుజం తట్టాడు.

ప్రతిపక్షాన్ని వెనకేసుకొచ్చే పత్రిక మర్నాడు అదే వరస నుంచి ఏడుస్తున్న ఒకావిడ బొమ్మ వేసింది. కాకా ఏడవలేదు కాబట్టి వాళ్లకు పనికిరాలేదు. ఏడవలేదు కాబట్టే మాకు పనికొచ్చాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే కాకా మా ఇంటికొచ్చాడు. చంకలో మా పేపరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బేటా, గిట్ల ఎవడు రాసిండు? నేను ఇష్టంతోని కొట్టుకున్ననా? దుకాణం ఇస్తనని అందరికంటె ముందు నేనే సంతకం పెట్టిన అనుకుంటున్నరు. ఒక్కడు నాతోని మాట్లాడుతలేడు. చాయ్ తాగెటప్పుడు గూడ పిలుస్తలేరు."

నేను రాశానని అనడానికి అదే సమయం.

"కనుక్కుంట కాకా," అన్నాను.

"అసలు సంగతి గదే జాగాల ఎయ్యమను. మొదటి పేజీల పడ్డది లోపల్నేస్తే ఎవడు సూస్తడు?"

ఆఫీసులో ఇన్‌చార్జిని అడిగాను, నిజమే. "మనిషిని మెచ్చుకున్నాం కదయ్యా, మెచ్చుకున్నదానికి సవరణేంటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇంకోసారి అడిగితే నా ఉద్యోగమేమీ ఊడేది కాదు. మహా అయితే మొదటి పేజీ నుంచి తప్పించి జిల్లా పేజీకి వేసేవారు. హెడ్డింగుల మొనగాడన్న ఆ పేరు వదులుకోలేకపోయాను.

కాకాతో మాత్రం, "మస్తు చెప్పి చూసిన, పైనోళ్లు ఇంటలేరు," అన్నాను.

"పోనీలె. నీ నౌకరీకి తిప్పలు తెచ్చుకోకు," అన్నాడాయన.

నలుగురి మధ్య నలభై ఏళ్లు కూర్చున్న మనిషి ఆ వరసలో ఒంటరిగా ఏడాది కూడా ఉండలేకపోయాడు. కాపాడుకున్న ఆ వెనక గదిని కూడా వదిలేసి కిషన్‌బాగ్‌లో కూతురి దగ్గరికి చేరాడు.

పోయిన నెల చూడటానికి వెళ్లాను. మనిషి సగమయ్యాడు. ఈసారి చెప్పేయాలని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. నేను గడపలో చెప్పులు విడుస్తుంటే పక్కింటి పెద్దమనిషిని పిలిచి నన్ను చూపించాడు.

"మా పంతులు కొడుకు. గా పేపర్లనే పనిచేస్తడు. అందరు నన్ను దొంగను జేస్తే, నా దిక్కు ఈయనొక్కడే కొట్లాడిండు."

ఆ పెద్దమనిషి నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. నేనూ తిరిగి పెట్టాను.