ఖలాస్ అంటే

కరోనా తగ్గాక మా క్లబ్బుకు ఒక డచ్చి కోచ్ వచ్చాడు. అబుదాబిలో ఆ ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో పనిచేసేవాణ్ణి నేను. ఇక్కడ పదేళ్ళుగా నేర్చుకున్న అరబ్బీ పుణ్యమా అని, కోచ్ పక్కన నిలబడి ఆయన మాట ఆటగాళ్ళకు చేరవేసే పని నా నెత్తిన పడింది.

ఆయన ఒకప్పుడు గొప్ప మిడ్‌ఫీల్డరట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆ సంగతి ఆయన నోట తప్ప నేనెక్కడా వినలేదు. ఆవులు మేపే రైతు కొడుకు, చిన్న వయసులోనే పెద్ద జట్టు, జాతీయ జట్టులో బెంచీ మీద కూర్చునే భాగ్యం, మోకాలికి ఆపరేషన్, ఆట బంద్. ఆ తర్వాత దేశదేశాల్లో కోచ్ ఉద్యోగాలు. ఎక్కడా నిలవలేదు, తప్పు మాత్రం ఎప్పుడూ అవతలివాళ్ళదే. ఇదంతా రోజూ కాఫీ తాగుతూ చెప్పేవాడు. నేను తల ఊపేవాణ్ణి. సగం జీతం అందుకే ఇస్తున్నారనిపించేది.

నోటికి అడ్డూ అదుపూ లేదు. ఆటగాడి మొహం మీదే, నీకు ఆట రాదు అనేసేవాడు. నేను దాన్ని అరబ్బీలో, ఇంకాస్త బాగా ఆడొచ్చంటున్నారు అని మార్చి చెప్పేవాణ్ణి. అందరూ ఆయన్ని మర్యాదస్తుడనుకున్నారు. ఆయనకు వచ్చిన అరబ్బీ మాట ఒక్కటే. ప్రాక్టీసు అయిపోగానే ఈల వేసి, "ఖలాస్" అని అరిచి, భాష మొత్తం వచ్చేసినట్టు నావైపు చూసేవాడు.

రెండో సీజన్లో వరసగా ఓడాం. కాంట్రాక్టు పొడిగిస్తారా అని ఆయన ముదీర్‌ని అడిగితే, ఆ మేనేజరు చిరునవ్వుతో ఇన్షా అల్లా అన్నాడు. మన ఆఫీసుల్లో పెద్దసార్లు 'చూద్దాం' అంటారే, సరిగ్గా అదే. ఈయన దాన్ని సంతకం అనుకున్నాడు. తన దేశంలో భార్య చేత ఉద్యోగం మానిపించి, ఇక్కడ విల్లా మాట్లాడుకున్నాడు.

టీమ్ బస్సు డ్రైవరు, ఊరి శివారు బనియాస్‌లో ఉండే జగిత్యాల మనిషి, నన్ను పక్కకు పిలిచాడు.

"కొత్త కోచ్‌ను ఎయిర్‌పోర్ట్ నుంచి నేనే తోల్కొచ్చిన సార్. మన సారేమో మేడమ్‌ను పిలిపిస్తుండు. జర చెప్పుండ్రి."

చెప్పాను. మీ ఆవిణ్ణి కొన్నాళ్ళు ఆగమనండి అన్నాను. ఆయన నవ్వేసి, ముదీర్ తనకు మాటిచ్చాడనీ, మీవాళ్ళకు పుకార్లు తప్ప పని లేదనీ అన్నాడు. పో, నీ ఖర్మ అనుకున్నాను.

వారం తిరక్కుండానే, ప్రాక్టీసు మధ్యలో ముదీర్ వచ్చి మైదానం గీత దగ్గర నిలబడ్డాడు.

"ఖలాస్, కోచ్."

ఈయన వాచీ చూసుకున్నాడు. ఇంకా టైముందే అని గొణుక్కుంటూనే ఈల వేసి, ఆటగాళ్ళను కోన్‌లు ఏరెయ్యమన్నాడు. ముదీర్ నావైపు ఒక చూపు విసిరి, మిగతాది నువ్వు చెప్పు అన్నట్టు కారెక్కి వెళ్ళిపోయాడు. అంత పెద్ద మనిషికి ఆ ఒక్క ముక్క చెప్పే నోరు లేకపోయింది.

"అయిపోయింది ప్రాక్టీసు కాదు, మీ ఉద్యోగం," అన్నాను. ఈసారి ఏమీ మార్చలేదు.

ఆ ఎర్రటి మొహం పాలిపోయింది. "నా భార్య ఇప్పుడు విమానంలో ఉంది," అన్నాడు.

ఈల వేసి ఆటగాళ్ళను మళ్ళీ పిలిచాడు. ముదీర్ అన్న ఖలాస్ వాళ్ళకు అప్పుడే అర్థమైపోయినట్టుంది, ఒక్కడూ రాలేదు. నిన్నటిదాకా కోచ్, కోచ్ అంటూ వెనకాల తిరిగినవాళ్ళే, సంచులు భుజాన వేసుకుని బస్సువైపు నడిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం వాళ్ళను చూడకుండా, కాలి దగ్గరున్న బంతిని నావైపు తన్నాడు. క్రికెట్ తప్ప ఎరగని నేను వంగి, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"కాలితో," అన్నాడు.

బంతి కింద పెట్టాను.