ఖాళీ ట్రేలు తిరిగి వచ్చే చోటు

మా ఆడపడుచు పోయిందన్న కబురు ముసునూరు నుంచి పొద్దున్నే వచ్చింది. తోటలో ఆఖరి కోత నడుస్తోంది. కూలీలను పంపేయనా అని మా అబ్బాయి అడిగితే వద్దన్నాను. కోసిన కాయను ఎండలో వదిలి వెళ్తే ముందు ఆవిడే ఒప్పుకోదు. ట్రేలన్నీ నీడకు చేర్పించాక బయలుదేరాం.

ఆవిడ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైంది. ఆ తర్వాత మా మామిడి రైతుల సంఘంలో కంప్యూటర్ పని తన మీద వేసుకుంది. లెక్కలు నావి. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. నా బల్ల మీద కాగితం కదలదు, ఆవిడ బల్ల మీద కాగితం దొరకదు. అయినా అడిగింది క్షణంలో తీసి ఇచ్చేది.

సీజను మొదలవగానే పసుపురంగు డబ్బా, కుంచె పట్టుకుని ట్రేల మీద సంఘం పేరూ ఊరూ రాసేది.

"కాయ ఎక్కడికి పోవాలో అందరూ రాస్తారు వదినా. ఖాళీ ట్రే ఎక్కడికి రావాలో ఎవరూ రాయరు. తర్వాత చూస్తే మన ట్రేలు ఎవరి తోటలోనో టమాటాలు మోస్తుంటాయి."

"ఆ అక్షరాలు కాస్త గుండ్రంగా రాయమ్మా" అనేదాన్ని.

"ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారా, రండి రండి" అనేది, తల ఎత్తకుండానే.

కిందటి సీజనులో బయటి రాష్ట్రం కంపెనీ ఒకటి మా బంగినపల్లి తీసుకుంటానంది. షరతు ఒకటే. లోడు వివరాలు ముందుగా మా కంప్యూటర్ నుంచి వాళ్ళ కంప్యూటర్‌కి వెళ్ళాలి, సరేనని జవాబు రావాలి, అప్పుడే లారీ కదలాలి. ఆ పంపే పద్ధతిని సోప్ అంటారని ఆవిడ చెప్పింది. "కాయలు కడిగి పంపాలా?" అన్నాను. ఆవిడ నవ్వి, అది కవరులో పెట్టిన ఉత్తరం లాంటిదని వివరించింది. లోపల సరుకు వివరాలు. పైన ఎవరికి, ఏ పని మీద, ఉత్తరం నంబరెంత, జవాబు ఎక్కడికి అన్న వరుసలు. ఆ పై వరుసలను హెడర్లంటారు.

మొదటి లోడు రోజు మధ్యాహ్నమైనా జవాబు రాలేదు. లారీ నిండి ఉంది. సాయంత్రంలోగా కదలకపోతే ఆ కాయ అయినకాడికి తెగనమ్ముకోవాలి. కంపెనీ మళ్ళీ మా ముఖం చూడదు. ఆగిరిపల్లి నుంచి కాయ తెచ్చిన రైతులు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఒక ఫోన్ కొట్టి అడిగేస్తే పోలా అమ్మా?" అన్నారు సంఘం అధ్యక్షుడు.

"ఫోన్ ఈ లారీకి పనికొస్తుందండీ. రేపటి లారీకి మళ్ళీ బతిమాలుకోవాలి. ఒక్క గంట ఇవ్వండి."

కారణం ఆవిడకు త్వరగానే దొరికింది. జవాబు ఎక్కడికన్న వరుసలో, ఉత్తరం పంపే మన ప్రోగ్రాం తనంతట తానే పేరు లేకుండా రాసేస్తోంది. అంటే జవాబును ఉత్తరం తెచ్చినవాడి చేతికే ఇమ్మని అర్థమట. కంపెనీ కంప్యూటర్ వివరాలన్నీ చూసి తేల్చడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ తెచ్చినవాడు గుమ్మంలో ఉండడు.

"పేరు లేని ఉత్తరానికి మా ఇంట్లోనూ జవాబు రాయం" అన్నాను.

"మీరూ ఆ కంప్యూటరూ ఒకటే, వదినా."

ఆ వరుసలో సంఘం చిరునామా పెట్టి పంపింది. అప్పుడూ రాలేదు. గుమ్మంలో ఎవరో నిట్టూర్చారు. ఆవిడ మాత్రం వెళ్ళిన ఉత్తరాన్ని మళ్ళీ తెరిచి, వరుస వరుసా వేలుపెట్టి చదివింది.

"ముందే రాస్తుంటే ప్రోగ్రాం నాది చెరిపేసి తనది రాసుకుంటోంది. అంతా అయ్యాక, ఉత్తరం సరిగ్గా గడప దాటేటప్పుడు రాయాలి."

అలాగే రాసింది. అధ్యక్షుడు తెప్పించిన టీ చల్లారకముందే జవాబు వచ్చింది. రైతులు లారీ వైపు పరుగెత్తారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ నా వంక చూసింది. నేను మెచ్చుకోను, అది ఆవిడకు తెలుసు. నా టీ ఆవిడ ముందుకు జరిపాను.

ఉత్తరంలో ఏదైనా తప్పుంటే ఆ కబురు ఎవరికి రావాలన్న వరుస హెడర్లలో వేరే ఉంటుంది. అందులో ఆవిడ తన చిరునామా పెట్టుకుంది. "మెచ్చుకోళ్ళు సంఘానికి రానీండి, తిట్లు నాకు చాలు" అంది. ఈ వేసవిలో మంచం పట్టాక లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టించి, ఆ ఒక్క వరుస నా చేతే మార్పించింది, నా చిరునామాకి. "మీకు తిట్టడమే గాని తిట్లు తినడం అలవాటు లేదు. కాస్త ఓర్చుకోండి వదినా."

ఓర్చుకోవలసిన పని ఇంతవరకు పడలేదు. ఆవిడ రాసిన దాంట్లోంచి ఒక్క తప్పు కబురూ రాలేదు. ఈ మాట ఆవిడ ఉండగా అనలేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

పెద్దకర్మ మర్నాడు చినుకుల్లో లారీ వచ్చి ఆగింది. ఖాళీ ట్రేలు దింపి సంఘం వసారాలో పేర్చారు. అలవాటు కొద్దీ లెక్క చూసుకున్నాను, సరిపోయింది. వాన జల్లు తగిలి మట్టి మరకలు కరుగుతుంటే, వాటి కింద నుంచి పసుపురంగులో మా ఊరి పేరు ఒక్కో ట్రే మీదా తేలుతూ వచ్చింది. అక్షరాలు ఏమంత గుండ్రంగా లేవు.