చెవులమ్మ విన్న సముద్రం

సముద్ర పరిశోధనశాలలో ఆవిడను అందరూ చెవులమ్మ అనేవారు. నీళ్లలోకి దించిన మైకులు పంపే చప్పుళ్లను విని ఏది చేప, ఏది రొయ్య, ఏది పడవ ఇంజిను అని తేల్చడం ఆవిడ ఉద్యోగం. కంప్యూటరు తెర మీద గీతలు పడతాయి, నిజమే. ఆ గీతలు ఎవరివో చెప్పాల్సింది మాత్రం చెవులమ్మే. ఇంట్లో ఆ చెవులకు భయపడి ఆవిడ భర్త బిస్కెట్ల డబ్బా మూత ఊపిరి బిగబట్టి తీసేవాడు.

అలాంటి మనిషికి ఈమధ్య లోకం మీద కోపం పెరిగింది. అందరూ నోట్లో నోట్లో గొణుగుతున్నారని విసుక్కునేది. భర్త ఒక్కడే అయినదానికీ కానిదానికీ గొంతు చించుకుంటున్నాడని అలిగేది. పాపం, ఆయనేం చేస్తాడు? ఇప్పుడు డబ్బా మూత టపామని తీసినా ఆవిడ తల తిప్పడం లేదు. ఆయన దిగులంతా అదే.

సంగతి ఆవిడకూ లోలోపల తెలుసు. కానీ వినికిడి పోతే ఆ కుర్చీ పోతుంది. కుర్చీ పోయాక తానెవరు? అందుకే ఎవరికీ చెప్పకుండా, హెడ్‌ఫోన్ల శబ్దం పెంచుకుంటూ నెట్టుకొచ్చింది.

ఒకరోజు రేవు బయట ఉన్న మైకు నుంచి ఏమీ వినపడలేదు. తెర మీది గీతలైనా చూడకుండా మైకు చచ్చిందని చెప్పేసింది. దాన్ని పైకి లాగి మార్చడానికి పరిశోధనశాల పెద్ద మేడమ్, చెవులమ్మ, పడవ నడిపే సరంగు బయల్దేరారు.

అక్కడికి చేరాక సరంగు ఇంజిను ఆపాడు. మేడమ్ మైకు తీగకు హెడ్‌ఫోన్లు తగిలించి విన్నది.

"ఇదేంటి, బ్రహ్మాండంగా పనిచేస్తోందిగా! చేపలు ఒకటే గోల. మీరూ వినండి."

చెవులమ్మ పెట్టుకుంది. ఏమీ లేదు. హెడ్‌ఫోన్లు తీసి, పడవ చివరికి వెళ్లి కూలబడింది. ఇక దాచేదేముంది?

చేతికి తెడ్డు తగిలింది. బడిపిల్లలు వచ్చినప్పుడల్లా తాను చెప్పే ముచ్చట గుర్తొచ్చింది: డాల్ఫిన్ కింది దవడతో వింటుంది, చప్పుడు దవడలోంచి లోపలి చెవికి చేరుతుంది. ఆవిడ తెడ్డును నీళ్లలోకి దించి, పైకొసకు దవడ ఆనించింది.

ముందు రొయ్యల చిటపటలు, వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు. తర్వాత వాటి కింద నుంచి దరువు. కడుపులోని గాలితిత్తిని కండరాలతో వాయిస్తూ మగ చేపలు ఆడ చేపలను పిలుస్తున్నాయి. ఒకటి మొదలెడితే పక్కది, దాని వెనుక వందలు. ఇన్నేళ్లూ గదిలో కూర్చుని విన్నది ఇప్పుడు ఆవిడ పళ్లలో, పుర్రెలో మోగుతోంది. ఒళ్లు గగుర్పొడిచింది. ఎంత పెద్ద ఊరు, ఈ నీళ్ల కింద! కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి.

"మేడమ్, నాకు చెవులు పోయాయి," అంది తెడ్డు వదలకుండానే. "కానీ వినిపిస్తున్నాయి. అన్నీ వినిపిస్తున్నాయి."

మేడమ్ రెండో తెడ్డు తీసుకుని, తానూ దవడ ఆనించి కూర్చుంది. చాలాసేపటికి తలెత్తి ఏదో అంది. చెవులమ్మకు అందలేదు.

సరంగు చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు. "అక్కా! ఎముకకి ఆనించే హెడ్‌ఫోన్లు తెప్పిస్తారంట! నీ కుర్చీ నీదేనంట!"

చెవులమ్మ కళ్లు తుడుచుకుంది.

"అరవకు తమ్ముడూ, చేపలు బెదిరిపోతాయి."