డబ్బాలో చివరి వత్తి

అమ్మమ్మ చేసి పంపిన వత్తుల డబ్బాలో ఒక్కటే మిగిలింది. వచ్చే సోమవారం ఆవిడ సంవత్సరీకం. ఆ వత్తిని వెలిగిస్తే ఆవిడ చేతిపని అయిపోతుంది. దాచుకుంటే ఆవిడ దీపానికే కొన్న వత్తి వెయ్యాలి. రెండిటికీ మనసొప్పలేదు. ఇక్కడ ఆస్ట్రేలియాలోనే డబ్బో అనే ఊరి వైపు పత్తి తీస్తున్నారని విని, దూది తెచ్చుకుని నేనే చేద్దామని బయల్దేరాను.

సిడ్నీ శివారులో మా పారమట్టాలో పొద్దున్న ఎనిమిదికి ముందే రైలెక్కాలి. టికెట్ ముందుగా కొంటే చవక. పక్క సీటులో ఒక ఆస్ట్రేలియన్ పెద్దావిడ. దూది కోసం వెళ్తున్నానంటే ఆశ్చర్యపోయింది.

"సిడ్నీలో మందుల షాపులన్నీ మూసేశారా?"

నవ్వుకుంటూ పులిహోర డబ్బా తీశాను. అమ్మమ్మ పులిహోరైనా ఆవకాయన్నమైనా చెంచాతోనే కలిపేది. పిల్లలమంతా "దొరసానీ" అని ఏడిపిస్తే ఆవిడా మాతోపాటు నవ్వేది.

రెండు కాకముందే డబ్బో చేరాం. రాత్రికి స్టేషన్ దగ్గర మోటెల్లో ఉన్నాను. మర్నాడు అక్కడే డాక్టరుగా పనిచేసే మా గుంటూరు ఆంటీ కార్లో అరగంట ప్రయాణం. ఇల్లంత మెషీన్ చేనంతా తీసేస్తోంది. అది వదిలేసిన చివరి సాలు ఏరుకోమన్నాడు రైతు.

"గ్లవ్స్ కార్లో ఉన్నాయమ్మా, వేసుకో. ఫింగర్స్ అన్నీ కట్ అయిపోతాయ్" అంది ఆంటీ.

"అమ్మమ్మ ఎప్పుడైనా వేసుకుందా ఆంటీ?" అని గొప్పగా దిగాను.

పావుగంటకే ఎండిన కాయల అంచులు గోళ్ళ పక్కన కోసేశాయి. తాతయ్య పోయాక అమ్మమ్మ ముప్ఫై ఏళ్ళు కూలికి పత్తి తీసింది. అమ్మను టీచర్ని చేసింది ఆ కూలే. నేను సంచి నిండకముందే చేతులెత్తేశాను.

రెండు దాటాక తిరుగు రైలు. ఆంటీ కట్టిచ్చిన ఆవకాయన్నంలో చెయ్యి పెట్టానో లేదో, వేళ్ళు భగ్గుమని మండాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు తెలిసింది, ఆ చెంచా ఎందుకో. ఆవిడ ఒక్కసారీ చెప్పలేదు. మేం నవ్వుతుంటే నవ్వింది, అంతే. నా బంగారు అమ్మమ్మ!

రైల్లో క్యాంటీన్‌కి వెళ్ళి చెంచా అడిగి తెచ్చుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నాను. తర్వాత సంచిలోని పత్తికి గింజలు తీసి, వెంట తెచ్చుకున్న విభూది అద్దుకుని వత్తులు నులిమాను. దారిలో బాతర్స్ట్ స్టేషన్ వచ్చేసరికి అయిదు వత్తులయ్యాయి, అన్నీ వంకరే. అయినా నాకు ముద్దొచ్చాయి. రెండు రోజులూ అమ్మమ్మ దగ్గర గడిపి వస్తున్నట్టే ఉంది.

నా వత్తులు ఇక రోజూ దీపానికి. సోమవారం మాత్రం ఆవిడ చేసిన ఆ చివరి వత్తినే వెలిగిస్తాను. ఫొటో ముందు ఆవకాయన్నం పెడతాను, చెంచాతో సహా.