పిపెట్లకు తాళం

2021లో, కరోనా రెండో విడత కాస్త తగ్గుముఖం పట్టగానే, ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్షలు జరపమని యూనివర్సిటీ ఉత్తర్వులు పంపింది. అప్పుడు నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ విభాగాధిపతిని. పాఠాలంటే ఫోనులో చెప్పి ఎలాగో నెట్టుకొచ్చాం. టైట్రేషన్ ఫోనులో చేయించలేం కదా.

తెలియనివారి కోసం చెబుతాను. టైట్రేషన్‌లో ఒక ద్రావణాన్ని బ్యూరెట్ అనే గీతలున్న పొడవాటి గాజు గొట్టంలో పోసి, కింది కుళాయి తిప్పి చుక్కలుగా వదులుతారు. రెండో ద్రావణాన్ని పిపెట్ అనే సన్నని గొట్టంతో ఇరవై మిల్లీలీటర్లు కొలిచి ఫ్లాస్కులోకి తీసుకుంటారు. ఆ పిపెట్‌లోకి ద్రావణాన్ని రబ్బరు బల్బుతో లాగాలని పుస్తకాల్లో ఉంటుంది. మా దగ్గర మాత్రం నోటితో పీల్చడమే. ఆమ్లం రుచి ఎరగని కెమిస్ట్రీ విద్యార్థి మా ప్రాంతంలో ఉండడు.

పరీక్షకు ముందు మోడల్ ప్రాక్టికల్ పెట్టాం. గది కడిగించాం, కిటికీలు తీయించాం, మాస్కు లేనిదే గుమ్మం దాటనివ్వలేదు. తీరా లోపల ఒక కుర్రాడు మాస్కు గడ్డం కిందికి లాగి, పిపెట్ పీల్చి, బుద్ధిగా మాస్కు సర్దుకుని, ఆ పిపెట్టే పక్కవాడికి అందించాడు. అంత అలవాటైన పని కనుక ఎవరికీ వింతగా తోచలేదు. అల్లవరం నుంచి వచ్చే సత్యవేణి మాత్రం చేతిలో ఫ్లాస్కు బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్లిపోయింది.

వరండాలో ఆపి అడిగాను. "మా నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారండి. ఇంటికి జబ్బు పట్టుకెళ్తే ఆయన తట్టుకోలేరండి. నేను పరీక్షకి రానండి, మేడమ్" అంది. డిగ్రీ ఆగిపోతుందని చెప్పాను. "ఆయ్, తెలుసండి. డిగ్రీ మళ్లీ రాసుకుంటానండి" అంది. ఆ ఏడాది పాసైతే మందుల కంపెనీలో ఉద్యోగం ఇస్తామని ఆమెకు అప్పటికే మాట ఇచ్చి ఉన్నారు.

నాకు నా ల్యాబు మీదే కోపం వచ్చింది. ఆ సాయంత్రమే పిపెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. బల్బుల కోసం కాకినాడ, రాజమండ్రి షాపులకు ఫోన్లు చేస్తే సరుకు లేదన్నారు. మరి కొలిచేదెలా? బ్యూరెట్‌తోనే కొలవచ్చు. ఒక్కొక్కరికి రెండు బ్యూరెట్లిస్తే నోటితో పనే లేదు. మా దగ్గర అన్ని లేవు కనుక బ్యాచిని సగం చేయాలన్నాను. పరీక్ష రోజులు రెట్టింపవుతాయని ప్రిన్సిపాల్ గారు సణిగి, చివరికి సరేనన్నారు.

వేరే కాలేజీ నుంచి మార్కులు వేయడానికి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు మాత్రం ససేమిరా అన్నారు. "స్కీములో పిపెట్ అని రాసేరండి. రేపు యూనివర్సిటీవాళ్లు అడిగితే నేనేం చెప్పనండి?" అన్నారు. సంతకం పెట్టవలసింది ఆయన కాబట్టి ఆ భయమూ న్యాయమే. వాదించకుండా ఒక పిపెట్ తీసి, కడిగించి, రెండు బ్యూరెట్లతో పాటు ఆయన ముందు పెట్టాను. రెండు పద్ధతుల్లోనూ మీరే చేసి చూడండి, తేడా వస్తే బీరువా తెరిచేస్తానన్నాను. ఆయన ఓపిగ్గా చేసి, రీడింగులు సరిచూసుకుని, "ఆయ్, ఒకటేనండి" అన్నారు. పద్ధతి మార్చినట్టు రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

సత్యవేణికి నేనే ఫోన్ చేశాను. "ఒక్క పిపెట్టూ బల్ల మీద ఉండదాండి?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, మొదటి బ్యాచికే వచ్చింది. కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడి, మాస్కు ఒక్కసారి కూడా జారనివ్వకుండా పరీక్ష పూర్తిచేసింది. పాసై ఉద్యోగంలో చేరింది. ఆమె తండ్రికి ఆ జబ్బు సోకలేదు. అది మా ఘనతేనని చెప్పను, మా ల్యాబు నుంచి మాత్రం సోకలేదు.

తర్వాత బల్బులు వచ్చాయి. అవి లేకుండా పిపెట్‌ని నేను రిటైరయ్యేదాకా బయటికి రానివ్వలేదు. నోటితో పీల్చడం ప్రమాదమని కరోనాకు ముందు కూడా మా అందరికీ తెలుసు. ఆ అలవాటు మాన్పించడానికి మహమ్మారి రానక్కర్లేదు, చేయనని చెప్పే విద్యార్థి ఒక్కరుంటే చాలు. నా సర్వీసంతటిలో అలా చెప్పింది ఆ అమ్మాయి ఒక్కతే.