బషీరాబాద్ మూడో సెక్టారు

వికారాబాద్‌కు నేను రెండోసారి, ఈసారి ఏరియా ఇంజినీరుగా, వచ్చింది ఒక జూన్ నెల మొదటి సోమవారం. ఉద్యోగ విరమణకు అప్పటికి పది నెలలుంది. నేను పనిచేసిన మొబైల్ సంస్థలో ఏరియా ఇంజినీరు తన పరిధిలోని టవర్లన్నింటికీ జవాబుదారీ. నాకు వికారాబాద్, తాండూరు పట్టణాలతో పాటు చుట్టుపక్కల మండలాలు వచ్చాయి. కర్ణాటక సరిహద్దున ఉన్న బషీరాబాద్ అన్నింటికంటే దూరం. ఏడేళ్ల క్రితం నేను ఇక్కడే ఫీల్డు ఇంజినీరుగా తిరిగాను. ఆనాటి డైరీలు ఇంట్లో ట్రంకు పెట్టెలో వరసగా ఉన్నాయి.

జనానికి టవరంటే ఇనుప స్తంభం. మాకు మాత్రం దాని కాళ్ల దగ్గర పెట్టెలో ఉండే యంత్రం, అంటే బేస్ స్టేషన్. అది సాధారణంగా మూడు దిక్కులకు మూడు భాగాలుగా పనిచేస్తుంది. ఒక్కో భాగం ఒక సెక్టారు. ప్రతి సెక్టారుకూ వందల కొద్దీ సెట్టింగులుంటాయి. వాటిని చేత్తో ఒక్కొక్కటే మార్చుతూ కూర్చుంటే తప్పులు వస్తాయి, రోజులు గడిచిపోతాయి. అందుకని స్క్రిప్టు రాస్తాం. ఫలానా టవరులోకి వెళ్లు, ఫలానా విలువ చదువు, నకలు తీసిపెట్టు, కొత్త విలువ పెట్టు అని కంప్యూటరుకు వరసగా ఇచ్చే ఆదేశాలవి. ఒక్కసారి నడిపితే టవర్లన్నీ మారిపోతాయి. మంచైనా చెడైనా అన్నింటికీ ఒకేసారి జరుగుతుంది.

మా కార్యాలయంలో స్క్రిప్టులు రాసేది నస్రీన్. తాండూరు అమ్మాయి. తండ్రి నాపరాయి పాలిషింగ్ యూనిట్లో మేస్త్రీ. ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయినా పనిలో మంచి శ్రద్ధ. జూలైలో పై కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. టవర్ల సెట్టింగులు తలా ఒక తీరుగా ఉన్నాయి, అన్నింటినీ ఒకే నమూనాకు తేవాలని దాని సారాంశం. నస్రీన్ స్క్రిప్టు సిద్ధం చేసి, నడిపే ముందు నా బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, ఒక్క సెక్టార్ల పరిధి వేరే ఉన్నది. అన్నింట్ల ఎనిమిది కిలోమీటర్లుంటే బషీరాబాద్ మూడో సెక్టార్ల పన్నెండు పెట్టిన్రు. ఎందుకో రిజిస్టర్ల రాసి లేదు. ఉంచాల్నా, మార్చాల్నా?”

నేను రిజిస్టరు తెరిచి చూశాను. కారణం గడి ఖాళీగా ఉంది. ఎవరో పొరపాటున పెట్టి ఉంటారు, అన్నింటితో పాటు మార్చేయమన్నాను. స్క్రిప్టు నడిచింది. చివరన అన్ని టవర్ల ఎదుటా ‘విజయవంతం’ అని వచ్చింది. అలారం ఒక్కటీ మోగలేదు. పైపెచ్చు ఆ వారం బషీరాబాద్‌లో మధ్యలో తెగిపోయే కాల్స్ తగ్గాయి. జోనల్ మేనేజరు ఫోన్ చేసి అభినందించారు.

స్క్రిప్టు నడిచిన పన్నెండో రోజు, సోమవారం ఉదయం, మార్తమ్మ మా కార్యాలయానికి వచ్చింది. నలభై అయిదేళ్ల మనిషి, ఆశా కార్యకర్త. సరిహద్దు పక్కన గుట్ట వెనక ముప్పై ఇళ్ల ఊరు ఆమెది. అక్కడి గర్భిణులను, బాలింతలను చూసి, వివరాలు ఎప్పటికప్పుడు ఫోనులో ఎక్కించడం ఆమె పని. పొద్దున్నే రెండు ఆటోలు, ఒక బస్సు మారి వచ్చానని చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది.

అది ఆరోగ్య శాఖలో ఆమె పై అధికారి ఇచ్చిన మెమో. పదకొండు రోజులుగా ఒక్క వివరమూ ఎక్కలేదని, ఊళ్లో సిగ్నల్ పూర్తిగా ఉన్నట్టు ఆమె ఫోనులోనే కనిపిస్తున్నదని, కనుక ఆమె విధులకు వెళ్లలేదని భావిస్తున్నామని అందులో ఉంది. బుధవారం సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఆమె స్థానంలో వేరొకరిని పెట్టుకుంటారు.

“అమ్మా, ఫోన్ ఖరాబైందేమో. సిమ్ తీసి మళ్ల పెట్టి చూసినవా?” అని అడిగింది నస్రీన్.

“మా ఊర్ల ముప్పై ఇండ్ల ఫోన్లు ఒక్కపారే ఖరాబైతయా బిడ్డా? గీతలు నిండ ఉంటయి, కాల్ ఒక్కటి పోదు. గా గీతలు చూసే మా మేడం నన్ను అబద్ధాలది అంటున్నది. గీతలు లేకుంటె మంచిగుండు, నా మాట నమ్ముతుండె.”

“బషీరాబాద్‌కు వచ్చి ఎక్కియ్యొచ్చు గదా?”

“గట్ల ఎక్కిస్తే నేను బషీరాబాద్‌ల ఉన్నట్టు చూపిస్తది. ఇండ్లల్లకు పోకుండ బస్టాండ్ల కూసొని రాసిన్నంటరు. మా ఆయన ఒకటే నవ్వుడు, గా ఫోన్‌కు నువ్వే ముందుగాల టీకా ఎయ్యి అంటడు.”

నస్రీన్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

మంగళవారం జీపులో తాండూరు మీదుగా ఆ ఊరికి వెళ్లాం. గుట్ట అడ్డుగా ఉండడం వల్ల బషీరాబాద్ మూడో సెక్టారు తప్ప చుట్టుపక్కల ఇంకే టవరూ అక్కడికి అందదు. ఒక అరుగు మీద కూర్చున్న ముసలాయన మా టెస్టు ఫోను చూసి, “ఫుల్ ఇదె సార్, ఆదరె హోగల్ల” అన్నాడు కన్నడంలో. నిండుగా ఉంది కానీ పోదు అని. రోగం పేరు తప్ప మిగతాదంతా ఆయన ఆ ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఫోనులో కనిపించే గీతలు టవరు మాట ఫోనుకు ఎంత గట్టిగా వినపడుతున్నదో మాత్రమే చెబుతాయి. మన మాట టవరుకు చేరుతుందో లేదో చెప్పవు. కాల్ కలవాలంటే ఫోను ముందు టవరు తలుపు తట్టాలి. ఆ చప్పుడు కోసం టవరు లెక్కగట్టిన కాసేపే చెవి పెడుతుంది. ఆ కాసేపు ఎంతన్నది పరిధి సెట్టింగును బట్టి ఉంటుంది. పరిధి ఎనిమిది కిలోమీటర్లని పెడితే, పదకొండు కిలోమీటర్ల దూరంలోని ఈ ఊరి నుంచి వచ్చే చప్పుడు ఆలస్యంగా చేరుతుంది. దాన్ని టవరు గుర్తించదు. గుర్తించని దాన్ని విఫలమైన కాల్ కింద కూడా రాసుకోదు. బషీరాబాద్ లెక్కలు బాగుపడడానికి కారణం అదే. దూరాన ఉండి, మాట్లాడుతూ మధ్యలో తెగిపోయేవాళ్లు అసలు లెక్కలోకే రాకుండా పోయారు.

నస్రీన్ ల్యాప్‌టాప్ తెరపై మా ఫోను ఊరి చివరి ఇంటి దగ్గర నుంచి తలుపు తడుతూనే ఉంది. ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా తట్టి, పదోసారికి ఊరుకుంది. ఆమె పాత విలువల నకలు తెరిచింది. బషీరాబాద్ మూడో సెక్టారు ఎదుట పన్నెండు అని ఉంది.

“నేనడిగిన సార్,” అంది మెల్లగా.

అప్పుడు చివరి ఇంటి రాతిగోడ వైపు చూశాను. దాన్ని ఇంతకు ముందు చూశాను. దానికి ఆనుకునే ఒకసారి ఫోనులో మాట్లాడాను.

ఆ ఊళ్లో నెట్ లేదు కాబట్టి సెట్టింగు సరిచేయడానికి వెనక్కి బషీరాబాద్ పోవలసి వచ్చింది. సరిగ్గా నాలుగు గంటలకు మీ ఇంటి ముందు నుంచే ఫోన్ చేయమని మార్తమ్మకు చెప్పి బయల్దేరాం. మూడున్నరకు నస్రీన్ విలువ మార్చింది. నాలుగు దాటి రెండు నిమిషాలకు నా ఫోను మోగింది.

“సారూ, ఇనొస్తుందా?”

“వినపడుతుందమ్మా.”

“గట్లయితే జర ఆగున్రి. ముందుగాల అందరి పేర్లు ఎక్కించుకుంట. మీతోని తర్వాత మాట్లాడ్త,” అని పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచాను. ఏడేళ్ల క్రితం డైరీలో నా దస్తూరీతోనే ఉంది: ‘బషీరాబాద్ మూడో సెక్టారు పరిధి పన్నెండు చేయించాను. గుట్ట వెనక ఊరికి వేరే దారి లేదు. చివరి ఇంటి గోడ దగ్గర నుంచి మాట్లాడాను. స్పష్టం.’ ఆ రోజు తిన్న జొన్నరొట్టె గురించి కూడా రాసుకున్నాను. టవరు రిజిస్టరులో మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. పొరపాటున పెట్టారని నేను అనుకున్న ఆ ఎవరో నేనే.

సెట్టింగు సరయినా మార్తమ్మ మెమో అలాగే ఉంది. గడిచిన రోజులకు ఆమెకు సాక్ష్యం లేదు. బుధవారం ఉదయం జోనల్ మేనేజరుకు విషయం చెప్పి, ఆరోగ్య శాఖ వారికి ఉత్తరం ఇస్తానన్నాను. ‘సాంకేతిక కారణాల వల్ల కొంత అంతరాయం’ అని ఒక వాక్యం చాలని, తేదీలు రాస్తే సంస్థ తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అన్నారు. రిటైరయ్యే ముందు మీ సర్వీసు రికార్డులో ఇదెందుకని కూడా అన్నారు. మనిషి చెడ్డవారు కాదు, నా మంచికే చెప్పారు. కానీ గీతలు నిండుగా ఉన్న ఫోను ముందు ఆ ఒక్క వాక్యం నిలబడదు. మార్తమ్మ అంతకుముందే తన మేడంతో ఆ మాట తన భాషలో చెప్పి ఓడిపోయింది.

ఉత్తరంలో నాలుగు విషయాలు రాశాను. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు ఆ ఊరి నుంచి కాల్ గానీ, సమాచారం గానీ వెళ్లే వీలు లేదో రాశాను. సిగ్నల్ గీతలు కనిపిస్తున్నా అలా జరగడానికి కారణం రాశాను. ఆ మార్పు మా కార్యాలయం చేసిందని రాశాను. చేయమని ఆదేశించింది నేనని రాశాను. నస్రీన్ పేరు ఎక్కడా లేదు. ముసాయిదా చదివి ఆమె, “స్క్రిప్ట్ నడిపింది నేనే కదా సార్,” అంది. నువ్వు అడిగావు, నేను చూడకుండా చెప్పాను అన్నాను. మధ్యాహ్నం మార్తమ్మ వచ్చి ఉత్తరం తీసుకుంది. ఈసారి కూర్చుంది, చాయ్ కూడా తాగింది. శుక్రవారం ఆమె మెమో రద్దయింది. తరువాతి వారం నాకు మెమో వచ్చింది. జవాబు రాశాను. అది నా సర్వీసు రికార్డులో ఉంది.

ఆ నెలంతా రోజూ ఒక డైరీ కార్యాలయానికి తీసుకెళ్లాను. నేను చదువుతుంటే నస్రీన్ టవరు రిజిస్టరులో ఎక్కించింది. అలా కారణం రాయకుండా నేను వదిలేసినవి ఇంకో నాలుగు బయటపడ్డాయి. నమూనాకు భిన్నమైన విలువ కనబడి, కారణం గడి ఖాళీగా ఉంటే అక్కడ ఆగిపోయేలా ఆమె స్క్రిప్టు మార్చింది. ఎవరైనా ఆ ఊరికి వెళ్లి చూసి వచ్చి, కారణం రాసి సంతకం పెడితే గానీ అది ముందుకు కదలదు. కొందరు విసుక్కున్నారు. నేను మార్చనివ్వలేదు.

ముప్పై ఏళ్లకు పైగా డైరీ రాసిన నాకు రాసే అలవాటుందని గర్వంగా ఉండేది. పనికి సంబంధించిన కారణం పని జరిగే చోట ఉండాలని, నా ట్రంకు పెట్టెలో ఉంటే అది లేనట్టేనని ఉద్యోగం చివరి ఏడాదిలో తెలుసుకున్నాను. యంత్రం ‘విజయవంతం’ అన్నప్పుడు, చెప్పిన పని చేశానని మాత్రమే దాని అర్థం. ఆ పని సరైనదో కాదో చివరి ఇంటి దగ్గర నిలబడి ఫోన్ చేసి చూస్తేనే తెలుస్తుంది.